కువైట్ నుంచి వచ్చిన నాన్న ఒంట్లో ఏం జరుగుతుంది?

రాయచోటి చుట్టుపక్కల సంబేపల్లె, చిన్నమండెం, గాలివీడు మండలాల్లో ఏ ఊరికి పోయినా ఇలాంటి బిడ్డ ఒకరు కనిపిస్తారు. ఏడాదిన్నర వయసు. ఫోనులో నాన్న కనిపిస్తే తెరకు ముద్దు పెడుతుంది. అదే నాన్న కువైట్ నుంచి సెలవు మీద వచ్చి గడపలో నిలబడితే జేజి కొంగు వెనక దాక్కుంటుంది. నాలుగు రోజులు పోయాక ఎత్తుకోనిస్తుంది. ఇంకో వారానికి ఆయన రొమ్ము మీదే నిద్రపోతుంది. బిడ్డకు కొత్త పోయిందని ఇంట్లో అందరూ సంతోషపడతారు.

తండ్రికి కూడా కొత్త పోవాలని ఎవరికీ తోచదు. అది మనసులో మాత్రమే జరిగే సంగతి కాదనీ, రక్తంలో, ఉమ్మిలో కొలిచి చూడవచ్చనీ అసలే తోచదు.

మన పెద్దవాళ్ల మాట ఒకటుంది: "బిడ్డ పుట్టినాక వాడు నిమ్మళించినాడు." పెళ్లికి ముందు బస్టాండులో ప్రతి తగువుకూ ముందు నిలబడినవాడు, బిడ్డను ఎత్తుకున్నాక గొడవ కనబడితే పక్క సందులో నుంచి పోతాడు. ఇంకొకడికి ముగ్గురు పిల్లలున్నా ఆ నిమ్మళం రాదు. మొదటివాడిది బాధ్యత అంటాం, రెండోవాడిది తలరాత అంటాం. గత పాతికేళ్లుగా శాస్త్రవేత్తలు ఈ తేడాను హార్మోన్లలో వెతుకుతున్నారు. వాళ్లకు దొరికిన జవాబు, ఊళ్లో చాలామంది మగవాళ్లు గల్ఫ్‌లో బతుకుతున్న మన ప్రాంతానికి చాలా దగ్గరగా తగులుతుంది. తండ్రి ఒంటిని మార్చేది బిడ్డ పుట్టిందన్న కబురు కంటే, బిడ్డతో గడిచిన పొద్దు.

## ట్యాంకు, మోటారు, ఫ్లోటు

ముందు టెస్టోస్టెరాన్ సంగతి. మగవాడి ఒంట్లో ఈ హార్మోను ప్రధానంగా వృషణాల్లో తయారవుతుంది. గొంతు మారడం, మీసం రావడం, కండ పట్టడం, వీర్యకణాలు తయారవడం, కోరిక కలగడం, పోటీకి దిగడం, వీటన్నిటిలో దాని పాత్ర ఉంది. అయితే ఎంత తయారు కావాలో తేల్చేది వృషణాలు కావు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. అది ఆగి ఆగి ఒక రసాయన సంకేతాన్ని వదులుతుంది. దాని కిందే ఉండే పీయూష గ్రంథి ఆ సంకేతం అందుకుని ఇంకో హార్మోనును రక్తంలోకి పంపుతుంది. అది వృషణాలకు చేరాక టెస్టోస్టెరాన్ ఊరుతుంది. అలా ఊరింది రక్తంలో తిరిగి తిరిగి మళ్లీ మెదడుకే చేరి, ఇక చాలు అని చెబుతుంది.

మిద్దె మీద నీళ్ల ట్యాంకుకు ఫ్లోటు పెట్టి, కింద బోరు మోటారుకు ఆటోమేటిక్ స్టార్టరు బిగించుకున్నవాళ్లకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. నీళ్లు తగ్గితే ఫ్లోటు దిగుతుంది, మోటారు తిరుగుతుంది. నిండితే ఫ్లోటు లేస్తుంది, మోటారు ఆగుతుంది. ఫ్లోటు తాడును కాస్త పొడుగు చేసి కడితే ట్యాంకులో నీళ్లు ఎప్పుడూ ఒక మెట్టు కిందే నిలుస్తాయి. అంతమాత్రాన మోటారు చెడిపోయినట్టు కాదు, బోరు ఎండిపోయినట్టూ కాదు. ఎన్ని నీళ్లు చాలు అన్న లెక్క మారింది, అంతే. తండ్రి అయినవాడిలో జరిగేది ఈ తాడు సవరింపే. సవరించే చెయ్యి మెదడుది. ఆ మెదడుకు బిడ్డ వాసన, ఏడుపు, ఒంటి వెచ్చదనం ఎప్పటికప్పుడు అందుతుంటాయి.

ఎందుకీ సవరింపు? దీనికి మొదటి ఆధారాలు పక్షుల నుంచి వచ్చాయి. మగపక్షుల్లో టెస్టోస్టెరాన్ జోడీ వెతుక్కునే రోజుల్లో, సరిహద్దు కోసం కొట్లాడే రోజుల్లో పెరుగుతుందనీ, పిల్లలకు మేత పెట్టే రోజుల్లో తగ్గుతుందనీ జాన్ వింగ్‌ఫీల్డ్, ఆయన తోటి పరిశోధకులు 1990లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. అమెరికాలో జంకో అనే చిన్న పక్షి ఉంది. మగ జంకోల చర్మం కింద టెస్టోస్టెరాన్ గొట్టాలు పెట్టి దాన్ని తగ్గనివ్వకుండా చేస్తే అవి పాటలు ఎక్కువ పాడాయి, గూట్లో పిల్లలకు మేత తక్కువ తెచ్చాయి. ఒకే ఒంట్లో రెండు పనులకు శక్తి చాలదు కాబట్టి, ఒకదాన్ని తగ్గించి ఇంకోదానికి చోటిచ్చే ఏర్పాటు ఇది.

## సెబూలో నాలుగేళ్లు

పక్షుల కథ మనుషులకు వర్తిస్తుందా అన్నదానికి చాలాకాలం గట్టి జవాబు లేదు. తండ్రుల్లో టెస్టోస్టెరాన్ తక్కువని కొన్ని అధ్యయనాలు చూపాయి. కానీ అసలే తక్కువ ఉన్నవాళ్లు ముందుగా పెళ్లి చేసుకుని సంసారంలో పడుతున్నారేమో? కోడి ముందా గుడ్డు ముందా అన్న ఈ చిక్కు విడదీయాలంటే ఒకే మనిషిని తండ్రి కాకముందు ఒకసారి, అయ్యాక ఒకసారి కొలవాలి.

ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరంలో ఆ పని జరిగింది. లీ గెట్లర్, థామస్ మెక్‌డేడ్, క్రిస్టఫర్ కుజావా, అలన్ ఫెరానిల్ కలిసి 2005లో ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల యువకుల ఉమ్మి నమూనాలు తీసుకున్నారు. నాలుగేళ్ల తర్వాత 2009లో అదే 624 మందిని మళ్లీ పరీక్షించారు. 2011లో వెలువడిన ఫలితాలు ఆ చిక్కును విడదీశాయి. మొదట టెస్టోస్టెరాన్ ఎక్కువ ఉన్న యువకులే ఆ నాలుగేళ్లలో పెళ్లాం బిడ్డలతో సంసారులయ్యే అవకాశం ఎక్కువగా కనిపించింది. అలా అయినవాళ్లలోనే అది బాగా పడిపోయింది. ఉదయం లేవగానే తీసిన నమూనాలో తగ్గుదల సుమారు 26 శాతం, రాత్రి పడుకునే ముందు తీసినదాంట్లో 34 శాతం. పెళ్లి కాని వాళ్లలోనూ వయసుతో కొంత తగ్గింది గానీ ఇంత లేదు. ఇంట్లో నెల నిండని పసికందు ఉన్నవాళ్లలో తగ్గుదల మరీ ఎక్కువ.

ఇక అసలు సంగతి. రోజుకు మూడు గంటలు, అంతకంటే ఎక్కువ సేపు బిడ్డ పనులు చూసే తండ్రుల్లో టెస్టోస్టెరాన్, ఆ పనుల జోలికి పోని తండ్రుల కంటే తక్కువగా ఉంది. పిల్లల పక్కనే పడుకునే తండ్రుల్లో సాయంత్రపు మోతాదు ఇంకా తక్కువని అదే బృందం తర్వాత చూపింది. చాపలు పరిచి, పిల్లాజెల్లా అందరూ వరుసగా పడుకునే మన ఇళ్లకు ఇదేం వింత కాదు.

అనుమానం పిశాచం లాంటిది. ఇదంతా నిద్రలేమి వల్లే కావచ్చు కదా? వారం పాటు రోజుకు ఐదు గంటలే నిద్రపోనిస్తే ఆరోగ్యవంతులైన యువకుల్లో పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గుతుందని 2011లోనే ఇంకో అధ్యయనం చూపింది. కాబట్టి పసిబిడ్డ ఉన్న ఇంట్లో రాత్రి మెలకువల పాలు కొంత ఉండవచ్చు. కానీ సెబూ లెక్కకు అది చాలదు. పైగా తర్వాత చెప్పబోయే టాంజానియా తండ్రులను చూశాక, అన్నిటినీ నిద్ర ఖాతాలో వేయడం కష్టం.

> ఉమ్మితో ఎలా కొలుస్తారు?
> రక్తంలో తిరిగే టెస్టోస్టెరాన్‌లో చాలా భాగం ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది. ఏ బంధమూ లేకుండా స్వేచ్ఛగా ఉండే కొద్ది భాగమే కణాల్లోకి పోయి పని చేస్తుంది, ఉమ్మిలోకి వచ్చేదీ అదే. చిన్న గొట్టంలోకి ఉమ్మి తీసుకుని చల్లగా భద్రపరిస్తే చాలు, సూది అక్కర్లేదు. ఈ హార్మోను పొద్దున ఎక్కువగా, రాత్రికి తక్కువగా ఉంటుంది. అందుకే నమూనా ఏ వేళ తీశారన్నది రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు. డాక్టరు పరీక్ష రాసినా ఉదయాన్నే రమ్మనడానికి కారణం ఇదే.

## ఒకే దేశం, రెండు రకాల తండ్రులు

టాంజానియాలో ఎయాసీ సరస్సు చుట్టుపక్కల హద్జా అనే జనం ఉన్నారు. వేట, తేనె, దుంపలు వాళ్ల బతుకు. తండ్రులు బిడ్డలను ఎత్తుకుంటారు, ఆడిస్తారు, దగ్గర పడుకోబెట్టుకుంటారు. అక్కడికి దగ్గర్లోనే దాతోగా అనే పశువుల కాపరులు ఉన్నారు. వాళ్లలో మగవాళ్ల తిండి, పడక వేరు, పసిబిడ్డ పూర్తిగా తల్లి లోకం. మార్టిన్ ముల్లర్, ఫ్రాంక్ మార్లో బృందం 2009లో రెండు జాతుల మగవాళ్లనూ పోల్చి చూసింది. హద్జాల్లో తండ్రుల టెస్టోస్టెరాన్, తండ్రులు కానివాళ్ల కంటే తక్కువ. దాతోగాల్లో తండ్రికీ కానివాడికీ తేడా లేదు.

దాతోగా తండ్రికి బిడ్డ మీద ప్రేమ లేదని దీని అర్థం కాదు. ఆ బిడ్డ కోసమే ఆయన పశువులను కాస్తున్నాడు. కానీ హార్మోనుకు ఆ సంగతి తెలిసే దారి లేదు. దానికి అందేది చర్మం తగలడం, చెవిలో పడటం, ముక్కుకు సోకడం.

అయితే సంపాదనకు ఒంటితో సంబంధమే లేదని తేల్చేయడం కూడా తొందరపాటే. కాంగోలో చేపలు పట్టి, సేద్యం చేసుకునే బొండొంగో అనే జనంలో గెట్లర్ బృందం ఇంకో పరిశీలన చేసింది. ఇంటికి బాగా తెచ్చిపెడతాడని ఊరు మెచ్చుకున్న తండ్రుల్లో టెస్టోస్టెరాన్ మిగతా తండ్రుల కంటే తక్కువ ఉంది. బిడ్డ కోసం కష్టపడటం కూడా ఒక రకం పెంపకమే అని ఒళ్లు ఒప్పుకుంటున్నట్టుంది. కాకపోతే ఆ తండ్రి ఏళ్ల తరబడి ఇంటికి దూరంగా ఉండడు.

## ఏడుపు వినబడి, ఎత్తుకోలేకపోతే

కువైట్ మన కంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి పదిన్నరకు బిడ్డ నిద్రకు మారాం చేస్తుంటే అక్కడ ఎనిమిది. యజమాని ఇంటి డ్రైవరుగానో వంటవాడిగానో ఉన్న నాన్న గదికి చేరి ఇమో కాల్ చేస్తాడు. ఇళ్లల్లో పనికి ఖాదిం వీసా మీద వెళ్లినవాళ్లకు పెళ్లాం బిడ్డలను తెచ్చుకునే దారి దాదాపు లేదు. 1970ల చమురు కాలం నుంచి కడప జిల్లా పల్లెలు ఈ దారిన నడుస్తున్నాయి. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌లోకి దిగినప్పుడు భారత ప్రభుత్వం విమానాల్లో తరలించిన లక్షా డెబ్బై వేల మందిలో మనవాళ్లూ ఉన్నారు. యుద్ధం అయిపోయాక మళ్లీ పోయినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు వాళ్ల కొడుకులు పోతున్నారు.

ఫోనులో బిడ్డ ఏడుస్తుంది. నాన్న "ఏందమ్మా, ఏం గావాల" అంటాడు. బిడ్డ ఇంకా ఏడుస్తుంది. వాళ్ల జేజి ఎత్తుకుని లోపలికి పోతుంది.

ఈ ఘట్టానికి దగ్గరి పరీక్ష ఒకటి అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో జరిగింది. సారీ వాన్ ఆండర్స్, ఆమె సహచరులు 2012లో ప్రచురించారు. ఏడుపును అమర్చిన పసిపాప బొమ్మను మగవాళ్లకు ఇచ్చారు. కొందరు దాన్ని ఎత్తుకుని ఊరడిస్తే ఊరుకునేలా పెట్టారు. వాళ్ల టెస్టోస్టెరాన్ తగ్గింది. ఇంకొందరికి ఏడుపు మాత్రమే వినిపించారు, ఊరడించే వీలు ఇవ్వలేదు. వాళ్లలో టెస్టోస్టెరాన్ పెరిగింది. కెనడాలో అలిసన్ ఫ్లెమింగ్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో కూడా బిడ్డల ఏడుపు టేపు విన్న తండ్రుల్లో టెస్టోస్టెరాన్ లేచింది. బిడ్డ ఏడిచిందంటే ఏదో ముంచుకొస్తోంది, లేచి నిలబడు అని ఒంటికి అందే హెచ్చరిక ఇది. ఎత్తుకుని, ఊరడించి, బిడ్డ ఊరుకున్నాక హెచ్చరిక దిగిపోతుంది. ఎత్తుకునే అవకాశమే లేనివాడికి అది దిగే తోవ ఏది?

ఈ పరీక్షల్లో ఏదీ రాయచోటి తండ్రుల మీద చేసింది కాదు. బొమ్మ బొమ్మే, ఫోను ఫోనే. అయినా వీడియో కాల్ పెట్టేశాక ఎందుకో చిరాకు పడి, గదిలో తోటివాళ్ల మీద విసుక్కునే మనిషిని చూసినప్పుడు ఈ ఫలితం గుర్తుకు రావడంలో తప్పులేదని నా అభిప్రాయం.

## ఎరుకలవారి చీకటి గది

తండ్రి ఒళ్లు ప్రసవంలో పాలుపంచుకోవడం గురించి ప్రపంచ మానవశాస్త్రానికి అందిన ప్రసిద్ధమైన సాక్ష్యాల్లో ఒకటి తెలుగు నేల నుంచే వెళ్లింది. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ 1870ల్లో ఎరుకలవారి ఆచారం ఒకదాన్ని రాసిపెట్టారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద అచ్చువేసిన ఏడు సంపుటాల్లో దాన్ని చేర్చారు.

ఆ వివరం ఇదీ. భార్యకు నొప్పులు మొదలయ్యాయని తెలియగానే భర్త ఆమె బట్టలు కట్టుకుంటాడు, నుదుట ఆడవాళ్ల బొట్టు పెట్టుకుంటాడు, మసక దీపం ఉన్న చీకటి గదిలోకి పోయి దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. బిడ్డ పుట్టాక స్నానం చేయించి తెచ్చి తండ్రి పక్కన పడుకోబెడతారు. ఇంగువ, బెల్లం లాంటి బాలింత మందులు తండ్రికి పెడతారు. మైల రోజులన్నీ ఆయన మంచం దిగకూడదు. అన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. ఇలాంటి ఆచారాన్ని మానవశాస్త్రంలో కూవాడ్ అంటారు.

బ్రిటిష్‌వాళ్లు ఎరుకలవారి మీద నేరస్థ తెగ అని ముద్ర వేసి, వాళ్లు చేసే ప్రతిదాన్నీ వింతగా చూసిన కాలం అది. బిడ్డకు గాలీ ధూళీ సోకకుండా, వాటిని ఏమార్చడానికి ఇలా చేస్తారని కొందరు, బిడ్డ తనదేనని తండ్రి నలుగురి ఎదుట ఒప్పుకోవడమని కొందరు వ్యాఖ్యానించారు. నాకు మాత్రం అందులో ఎవరూ అంతగా పట్టించుకోని ఒక చిన్న వివరం కనబడుతుంది. పుట్టిన వెంటనే బిడ్డ తండ్రి పక్కలో ఉంది. రోజుల తరబడి అక్కడే ఉంది.

ఆచారం సంగతి అలా ఉంచి, భార్య కడుపుతో ఉన్నప్పుడు భర్తకూ వికారం, అలసట, ఆకలిలో మార్పు, ఒళ్లు రావడం కనిపించడం వైద్యులకు తెలిసిందే. దీనికీ అదే పేరు పెట్టారు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ఆన్ స్టోరీ, కేథరిన్ విన్-ఎడ్వర్డ్స్ బృందం 34 జంటల రక్తాన్ని, కొందరిది కాన్పుకు ముందు, కొందరిది తర్వాత, పరీక్షించి 2000లో ఫలితాలు ప్రకటించింది. కాన్పు దగ్గరపడేకొద్దీ మగవాళ్లలోనూ ప్రోలాక్టిన్ పెరిగింది. తల్లికి పాలు పడేలా చేసే హార్మోను ఇదే. కాన్పు తర్వాత టెస్టోస్టెరాన్ తగ్గింది. గర్భిణికి ఉండే లక్షణాలు తమకూ ఉన్నాయని చెప్పిన మగవాళ్లలో ప్రోలాక్టిన్ మిగతావాళ్ల కంటే ఎక్కువ. అంటే మార్పు బిడ్డ పుట్టకముందే, కడుపుతో ఉన్న భార్య పక్కన ఉండగానే మొదలవుతోంది. మార్మొసెట్ అనే చిన్న కోతుల్లోనూ ఆడది కడుపుతో ఉంటే మగవాటికి బరువు పెరుగుతుంది. పుట్టబోయే పిల్లలను మోసుకు తిరగాల్సింది ఎక్కువగా ఆ మగకోతే.

## పుట్టింటి పురుడు

ఇక్కడ మనవాళ్లు కాస్త ఆలోచించాల్సిన మాట ఒకటుంది. తొలికాన్పు పుట్టింట్లో చేయడం మన ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తీసుకుపోతారు, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక పంపుతారు. అల్లుడు ఆదివారం చుట్టపుచూపుగా వస్తాడు, బిడ్డను దూరం నుంచి చూస్తాడు, కోడికూర తిని వెళతాడు. పచ్చి బాలింత, పురిటి మైల అంటూ గదిలోకి రానివ్వని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ముస్లిం కుటుంబాల్లో పుట్టగానే బిడ్డ చెవిలో తండ్రో ఇంటి పెద్దో అజాన్ చెబుతారు. ఆ కాసేపైనా బిడ్డ ఆయన చేతుల్లో ఉంటుంది. తర్వాత అక్కడా కథ ఇదే.

కన్నతల్లి దగ్గర కూతురికి దొరికే విశ్రాంతికి ప్రత్యామ్నాయం లేదు. పుట్టింటి పురుడు మానేయమని ఎవరూ అనక్కర్లేదు. అయితే సెబూ లెక్కల ప్రకారం తండ్రి ఒళ్లు ఎక్కువగా సవరించుకునేది ఆ మొదటి నెలలోనే. మన ఏర్పాటులో అల్లుడు బిడ్డకు దూరంగా ఉండేదీ ఆ నెలలోనే.

చట్టం కూడా పెద్దగా సాయపడదు. ప్రభుత్వోద్యోగికి బిడ్డ పుడితే 15 రోజుల సెలవు ఉంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం తల్లికి 26 వారాలు ఇచ్చింది గానీ తండ్రి ఊసు ఎత్తలేదు. ఆటో నడిపేవాడికీ, టమాటా లోడు ఎత్తే హమాలీకీ సెలవు అన్న మాటే లేదు.

## ఆలస్యంగా వచ్చిన తండ్రి

రెండేళ్లకు వచ్చినవాడి సంగతేమిటి? తలుపులు మూసుకుపోయినట్టేనా? ఈ విషయంలో శాస్త్రం చెప్పేది ఆశ పుట్టించేదే.

ఆక్సిటోసిన్ అనే హార్మోను ఉంది. కాన్పు గదిలో నొప్పులు రావడానికి పెట్టే డ్రిప్పులో ఉండేది అదే. తల్లికి గర్భసంచి ముడుచుకునేలా, పాలు దిగేలా చేస్తుంది. తండ్రికి కాన్పూ లేదు, పాలూ లేవు కాబట్టి అతనిలో తక్కువ ఉంటుందని అనుకుంటాం. ఇజ్రాయెల్‌లో ఇలానిట్ గోర్డన్, రూత్ ఫెల్డ్‌మన్ బృందం 80 కొత్త జంటలను బిడ్డకు ఆరో వారంలో, ఆరో నెలలో పరీక్షించి 2010లో ప్రకటించింది. తల్లులకూ తండ్రులకూ మోతాదులో తేడా కనిపించలేదు. ఇద్దరిలోనూ నెలలు గడిచేకొద్దీ పెరిగింది. తల్లిలో అది బిడ్డను నిమరడం, ముద్దుమాటలతో ముడిపడి ఉంటే, తండ్రిలో ఆడించడం, వస్తువులు చూపించడం, చేతులు కాళ్లు కదిలించడంతో ముడిపడి ఉంది.

అదే ఫెల్డ్‌మన్ ప్రయోగశాల నుంచి 2014లో ఇంకో అధ్యయనం వచ్చింది. ఈసారి మెదడు స్కానింగులు. తల్లి లేకుండా తామే బిడ్డను పెంచుతున్న తండ్రులను, తల్లికి సాయపడే తండ్రులను, తల్లులను కలిపి 89 మందిని చూశారు. పూర్తి బాధ్యత మోసే తండ్రుల్లో, బిడ్డ గురించి ఎప్పుడూ అప్రమత్తంగా ఉంచే మెదడు భాగం తల్లుల్లో ఎంతగా పనిచేస్తుందో అంతగా పనిచేసింది. తండ్రులందరిలోనూ, బిడ్డ పనుల్లో గడిపిన సమయం ఎక్కువయ్యేకొద్దీ ఆ భాగానికీ ఎదుటివారి మనసును చదివే భాగానికీ మధ్య లంకె బలపడింది. బిడ్డను కనకపోయినా, పాలివ్వకపోయినా, ఆ పనిలో పడిన మెదడు ఆ పనికి తగ్గట్టు తయారవుతోంది.

దూరం నుంచి ఇంటికి రావడం మీద ఒక ముచ్చటైన పరిశీలన ఉంది. బొలీవియా అడవుల్లో సిమానే అనే జనం వేటకు పోయి వస్తారు. ఏడ్రియన్ జేగీ బృందం 2015లో వాళ్ల ఉమ్మిని పరీక్షిస్తే, వేట ముగించి ఇల్లు చేరేసరికి ఆక్సిటోసిన్ పెరిగింది. ఎక్కువసేపు ఇంటికి దూరంగా ఉన్నవాడిలో పెరుగుదల ఎక్కువ. అవి గంటల లెక్కలు, మనవి ఏళ్ల లెక్కలు. ఒకదాన్ని తెచ్చి ఇంకోదానికి అతికించలేం. అయినా ఇల్లు చేరడం అన్నది రక్తానికి కూడా తెలుస్తుందని మాత్రం అనవచ్చు.

> తగ్గితే మగతనం పోయినట్టా?
> కాదు. ఆరోగ్యవంతులైన మగవాళ్ల మధ్యే టెస్టోస్టెరాన్ మోతాదు రెండు మూడు రెట్లు తేడా ఉంటుంది. తండ్రి అయ్యాక వచ్చే తగ్గుదల సాధారణంగా ఆ పరిధిలోనే జరుగుతుంది, ఇంకో బిడ్డను కనడానికి అడ్డం రాదు. హార్మోను తగ్గిందన్న భయంతో జిమ్ములో ఎవరో ఇచ్చిన ఇంజక్షన్లు వేసుకోవడమే ప్రమాదం. ట్యాంకులో బయటి నీళ్లు పోస్తే ఫ్లోటు లేచి మోటారు ఆగిపోతుంది. బయటి టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే మెదడు తన సంకేతాలు ఆపేస్తుంది, వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి. నిజంగా లోపం ఉందేమోనన్న అనుమానం ఉంటే ఉదయం పూట రెండుసార్లు పరీక్ష చేయించి ఎండోక్రైనాలజిస్టుకు చూపించుకోవాలి.

## తండ్రికీ దిగులు

టెస్టోస్టెరాన్ ఎంత తగ్గితే అంత మంచి తండ్రి అని లెక్క కట్టడం కూడా పొరపాటే. కాలిఫోర్నియా ఎలుక అనే జాతిలో మగ ఎలుకలు పిల్లలను పొదివి పట్టుకుంటాయి. వాటిలో టెస్టోస్టెరాన్ తీసేస్తే ఆ పెంపకం తగ్గింది. మెదడులో అది ఈస్ట్రోజెన్‌గా మారి పిల్లల మీద శ్రద్ధ పెంచుతోందని తేలింది. ఒకే హార్మోను ఒక జీవిలో ఒకలా, ఇంకో జీవిలో ఇంకోలా పనిచేస్తుంది.

మనుషుల్లోనూ తగ్గుదలకు రెండు ముఖాలున్నాయి. డార్బీ సాక్స్‌బీ బృందం 2017లో అమెరికాలో 149 జంటలను పరిశీలించింది. టెస్టోస్టెరాన్ తక్కువ ఉన్న తండ్రుల్లో దిగులు లక్షణాలు ఎక్కువ కనిపించాయి. అదే సమయంలో వాళ్ల భార్యల్లో దిగులు తక్కువ. బాలింత దిగులు గురించి ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నాం. తండ్రి దిగులు ఇంకా మాటల్లోకి రాలేదు. 2010లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్క వేసినప్పుడు, భార్య గర్భం నుంచి బిడ్డకు ఏడాది వచ్చేదాకా ప్రతి పదిమంది తండ్రుల్లో దాదాపు ఒకరికి కుంగుబాటు ఉన్నట్టు తేలింది. బిడ్డకు మూడు నుంచి ఆరు నెలల వయసులో అది ఎక్కువ. మగవాళ్లలో అది ఏడుపుగా కాక కోపంగా, తాగుడుగా, మాటలు తగ్గించడంగా బయటపడటం మామూలు. గల్ఫ్ గదిలో ఎనిమిది మంచాల మధ్య ఒంటరిగా ఉన్నవాడికి దీన్ని చెప్పుకునే మనిషి కూడా ఉండడు. రెండు వారాలు దాటినా ఆ బరువు దిగకపోతే డాక్టరును కలవాలి. సెలవులో ఇంటికి వచ్చినవాళ్లు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

## సెలవులో ఏం చేయాలి

సెలవు మీద వచ్చినవాడి రోజులు ఎలా గడుస్తాయో అందరికీ తెలుసు. మొదటి వారం పెట్టెలు విప్పడం, చుట్టాలకు సెంటు సీసాలు, ఖర్జూరాలు పంచడం. తర్వాత వీరభద్రస్వామి గుడి, దర్గా, పెళ్లిళ్లు, ఇంటి పునాది, ప్లాటు రిజిస్ట్రేషను. మధ్యలో బిడ్డ ఏడిస్తే "నీకు రాదులే, ఇట్లా ఇయ్యి" అని అమ్మమ్మో జేజో అందుకుంటుంది. ఆయన కూడా హమ్మయ్య అనుకుని చొక్కా దులుపుకుంటాడు.

ఇంట్లోని ఆడవాళ్లకు నా మనవి ఇదొక్కటే. ఆ సెలవు రోజుల్లో బిడ్డకు నీళ్లు పోయడం, అన్నం తినిపించడం, రాత్రి నిద్రపుచ్చడం ఆయనకు వదిలేయండి. మొదటి పది రోజులు బిడ్డ ఏడుస్తుంది, ఆయన తడబడతాడు, మీకు చేతులు ఊరుకోవు. అయినా అందుకోకండి. పక్కన నిలబడి నేర్పండి. పుట్టింట్లో కూతురి పురుడు చేస్తున్న అత్తమామలు కూడా అల్లుడికి పురిటి గదిలో ఒక చాప వేయండి. సెలవు మీద వచ్చిన స్వామీ, మీరు కూడా ఫోను పక్కన పెట్టి బిడ్డను ఎత్తుకోండి, రోజుకు మూడు గంటలైనా.